కండబలము: వ్యాయామము, ఆహారము, పంచాయతీ బాధ్యత

విశాఖపట్టణపు రేవు 1933 లో తెరువబడెను. ఉక్కు కర్మాగారమునకు 1971 లో శంకుస్థాపన జరిగెను. 1992 లో అది జాతికి అంకితమయ్యెను. ఈ రెండు మహాకార్యములకును చుట్టుపట్ల గ్రామముల నుండి వచ్చిన యువకుల భుజములే ఆసరా అయినవి. నేటికిని పనికై, సైన్యమునకై, పోలీసు ఉద్యోగములకై గ్రామములు విడిచి నగరమునకు వచ్చు యువకులు పెక్కుమంది. కనుక గ్రామ యువకుని దేహబలము ఆతని సొంత విషయమని పంచాయతీ సభ్యులు ఊరకుండుటకు వీలులేదు.

ముందుగా ఒక సందేహము తీర్చుకొందము. రోజంతయు బస్తాలు మోయువానికి వేరుగా వ్యాయామమెందుకని పలువురు అడుగుచుందురు. మోతపని వేరు, కసరత్తు వేరు. బరువు పైబడినప్పుడు కండరపు పోగులు శ్రమకు లోనగును. ఆ పిమ్మట ఒకటి రెండు దినములపాటు శరీరము ఆహారములోని మాంసకృత్తులను గ్రహించి ఆ పోగులను మునుపటి కంటె దళసరిగా కట్టుకొనును. అనగా కండకు పునాది వ్యాయామశాలలో పడును గాని, కట్టుబడి మాత్రము విశ్రాంతిలోను, నిద్రలోను, భోజనపు పళ్లెరము వద్దను జరుగును. మోతగానికి ఈ విశ్రాంతి లేదు. ఉదయము నుండి సాయంత్రము వరకు ఒకే బరువు, ఒకే వంపు. మరునాడు మరల అదే. తగిన తిండి కూడ లేకున్నచో నడుము అరుగును, మోకాళ్లు అరుగును, కండ పెరుగదు. అందుచేతనే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 లో మోతబరువును గూర్చి ఒడంబడిక చేయుచు, పురుషుడొక్కడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. భారతదేశము ఆ ఒడంబడికను 2010 లో ఆమోదించెను. మీ ఊరి గిడ్డంగి వద్ద ఈ లెక్క ఎంతవరకు పాటింపబడుచున్నదో సభ్యులొకసారి చూచుట మంచిది.

కసరత్తులోని రహస్యము క్రమవృద్ధి. మిలో అను ప్రాచీన గ్రీకు మల్లుడు చిన్న దూడను ప్రతిదినము ఎత్తుచు, అది ఎద్దయిన పిదప కూడ ఎత్తెనని ఒక కథ గలదు. కథ నిజమైనను కాకున్నను అందలి సూత్రము సరియైనదే. ఎనిమిది మొదలు పన్నెండు పర్యాయములు ఎత్తగల బరువుతో ప్రారంభింపవలెను. పన్నెండవ పర్యాయము సులభమని తోచిన నాడు కొద్దిగా బరువు చేర్చవలెను. వారమునకు రెండు మూడు దినములు, నడుమ ఒక్కొక్క దినము విరామము, ఇది చాలును. మొదటి కొన్ని వారములలో కండ కంటికి కనబడదు, బలము మాత్రము పెరుగును. నరములు కండరములను చక్కగా పనిచేయించుట నేర్చుకొనుటయే దీనికి కారణము. ఈ సంగతి తెలియకనే పలువురు యువకులు నెల తిరుగకుండ నిరాశపడి మానివేయుదురు. లేదా మందుల దుకాణము వైపు నడతురు.

ఈ విద్య మనకు కొత్తది కాదు. ఉత్తరాంధ్ర గ్రామములలో తాలింఖానాలు, దండీలు, బస్కీలు, కర్రసాము, పండుగలకు సంగిడి రాళ్లనెత్తు పోటీలు పూర్వము నుండియు కలవు. వీరఘట్టములో జన్మించి కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడు మదరాసులో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెను. పిదప సర్కసు స్థాపించి దేశదేశములు తిరిగెను. ఆయన శాకాహారి అని ప్రసిద్ధి. 1942 లో కీర్తిశేషుడైన ఆయన విగ్రహమును విశాఖ సముద్రతీరమున నేటికిని చూడవచ్చును.

స్త్రీలకు బరువులెత్తుట తగదనువారు శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటను తలచుకొనవలెను. ఆ గ్రామమున పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతియందు ఒక ఎత్తున 110, రెండవ ఎత్తున 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. బంగారు పతకము నందుకొన్న ఆమెకును మన మల్లీశ్వరికిని ఉన్న తేడా రెండున్నర కిలోలు మాత్రమే.

ఇక ఆహారము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2020 లో నిర్ణయించిన ప్రకారము సామాన్యునికి దేహపు బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు దినమునకు కావలెను. అనగా 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. బరువులెత్తువారికి ఇంకను కొంత అవసరమే. అయితే కిలోకు 1.6 గ్రాములు దాటినచో అదనముగా కండ పెరుగదని పరిశోధనలు తెలుపుచున్నవి. 60 కిలోల యువకునికి 96 గ్రాములు హద్దు.

ఇది మన వంటింటిలో దొరకునా యని అడుగవచ్చును. లెక్క చూతము. నాలుగు వందల గ్రాముల బియ్యములో సుమారు 30 గ్రాములు, డెబ్బదియైదు గ్రాముల కందిపప్పులో 16, రెండు గ్రుడ్లలో 13, పిడికెడు వేరుసెనగ పప్పులో 12, అర లీటరు పాలలో 16. మొత్తము 87 గ్రాములు. దీనికి నూరు గ్రాముల చేపలు చేర్చినచో నూరు దాటును. నెత్తళ్లు, కానాగంతలు తీరమున దొరకుచుండగా ఖరీదైన చేపలే కావలెనని లేదు. శాకాహారులు ఉలవలు, సెనగలు, పెరుగు పెంచుకొనవలెను. బియ్యములో కొరతగా నుండు అంశము పప్పులో నుండును, పప్పులో తక్కువైనది బియ్యములో నుండును. కనుక రెండును కలిపి తినుట మన పెద్దల మంచి అలవాటు. చిక్కెక్కడ ననగా, పేదయిండ్లలో అన్నము రాశిగా నుండును, పప్పు నీళ్లవలె నుండును. చోడి అంబలి సున్నమునకు మంచిది, ఎముకలకు బలము. మాంసకృత్తులకు మాత్రము దాని నొక్కదానినే నమ్మరాదు. కొలిమి వేడిమిలోను ఎండలోను చెమటోడ్చువారికి నీటితోబాటు ఉప్పు వేసిన మజ్జిగ, తరవాణి మేలు.

డబ్బాలలో అమ్ము పొడులను గూర్చి మా అభిప్రాయము స్పష్టముగా చెప్పెదము. కండ పెంచుటకై వాటిని వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శక సూత్రములలో చెప్పినది. అప్పుచేసి డబ్బా కొనుట కంటె ఆ సొమ్ముతో ఇంటిల్లిపాదికి గ్రుడ్లు పెట్టుట మేలు. పొడి కంటె ఘోరమైనది సూది. స్టెరాయిడ్ మందులు కండను త్వరగా ఉబ్బించును. అవి గుండెను, కాలేయమును చెరచును, పురుషులలో సంతాన శక్తిని తగ్గించును. క్రీడాకారుడు పట్టుబడినచో పోటీలనుండి బహిష్కృతుడగును. వ్యాయామశాలలో ఎవరైనను సూది మందు సూచించినట్లు వినినచో పంచాయతీ వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకు తెలుపవలెను.

పంచాయతీ చేయగల పని పెద్దది కాదు. భవనము కట్టి తాళము వేయుట కంటె చింతచెట్టు క్రింద నడచు తాలింఖానా మేలు. చదును చేసిన నేల, దండీలకు కట్టెలు, వేలాడుటకు దృఢమైన ఇనుప కడ్డీ, తూకము వ్రాసిన కొన్ని బరువులు, అన్నిటికంటె ముఖ్యముగా తెలిసిన శిక్షకుడు: ఇవి యున్న చాలును. నడుము వంచక, మోకాళ్లు వంచి, బరువును దేహమునకు దగ్గరగా ఉంచి ఎత్తుట ఆయన నేర్పవలెను. ఈ పాఠము మోతపని వారికి మరింత అవసరము. స్త్రీలకు వేరు వేళ ఏర్పరుపవలెను. వృద్ధులను కూడ పిలువవలెను. వయసు మీరిన కొలది కండ కరగుటచేతనే పెక్కుమంది జారిపడి తుంటి విరుగగొట్టుకొనుచున్నారు. పెద్దలందరును వారమునకు కనీసము రెండు దినములు బలము పెంచు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కుర్చీలోనుండి చేతులు ఊనక పదిమార్లు లేచి కూర్చుండుట వారికి తగిన ఆరంభము.

గుండెజబ్బు, రక్తపుపోటు, మూత్రపిండముల వ్యాధి కలవారు మొదట వైద్యుని సలహా పొందవలెను. పండుగనాడు పంతమునకు పోయి అలవాటులేని సంగిడి రాయిని ఎత్తబోవువారిని ఆపు బాధ్యత పోటీ నడుపు పెద్దలదే. ముందు నెల నుండి సాధన చేసి, శిక్షకుని పట్టీలో పేరు వ్రాయించుకొన్నవారినే పోటీకి దింపవలెనని పంచాయతీ తీర్మానము చేయవచ్చును.