సత్యభామ పందెము – మాధవి మధ్యవర్తిత్వము

కంకిపాడు మీదుగా బందరు పోవు రహదారిలో పామర్రు దగ్గర చల్లపల్లి దారి పట్టినచో కూచిపూడి వచ్చును. ఆ ఊరి భామాకలాపమును శ్రోతలలో పలువురు ఏదో యొక రాత్రి చూచియే యుందురు. దానిని శృంగార రూపకమని చెప్పుట వాడుక. నాకు మాత్రము అది ముందుగా ఒక పోటీ కథ, పిదప ఒక చక్కని హాస్యము.

పోటీ తెర వెనుకనే ఆరంభమగును. ఇద్దరు పట్టుకొన్న తెర మీదుగా భామ తన జడను ఇవతలకు వేయును. నాట్యమున తన్ను గెలువగలవారున్నచో ఈ జడ కోసి ఇత్తునని దాని భావము. కథలోని పోటీ మరియొకటి. అద్దము ముందు నిలిచి, మన యిద్దరిలో ఎవరి సొగసు ఎక్కువయని కృష్ణునితో వాదు పెట్టుకొన్నది సత్య. వాదు ముదిరినది, నాథుడు దూరమైనాడు.

ఈ భామ వేషమును తరతరములుగా కట్టినవారు పురుషులు. ఇంటింటి మగపిల్లవాడును ఒక్కమారైనను ఈ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి మాట తీసికొనెనని ఐతిహ్యము. 1935లో పుట్టి 2012లో కీర్తిశేషులైన వేదాంతం సత్యనారాయణ శర్మగారికి ఈ వేషమే జీవితమైనది. 1970లో పద్మశ్రీ కూడ వచ్చినది. నాటకరంగమున అట్టి కీర్తియే బాపట్ల స్థానం నరసింహారావుగారిది.

అయినను అసలు చమత్కారము మాధవిలో ఉన్నది. ఆ పాత్ర ధరించునది సూత్రధారుడే. మగదుస్తులతోనే, తలపాగాతోనే వచ్చి భామకు చెలికత్తె యగును. మగని పేరు నోట పలుక సిగ్గుపడు భామను, “అయితే నీ నాథుడెవరమ్మా?” అని గుచ్చి గుచ్చి అడుగును. లేఖ మోయుటకు కూలిగా ముక్కెర కావలెనని బేరమాడును. భామ ఏడ్చుచునే బేరమాడును. సభ పొట్ట చెక్కలగునట్లు నవ్వును. అంతలో ఆ మాధవియే కృష్ణుని కడకు పోయి, వేషము మార్చకయే, మాధవుడను చెలికాడగును. మారినది పిలుపు మాత్రమే.

టెన్నిసు ఆటలో అంపైరు వల ప్రక్కన ఎత్తైన కుర్చీలో కూర్చుండును. ఏ పక్షమువాడును కాడు. మాధవి ఇరుపక్షముల మనిషి! ఆ ఆటలోనే 1973లో హ్యూస్టను నగరమున బిల్లీ జీన్ కింగ్ అను వనిత, బాబీ రిగ్స్ అను పురుషుని 6–4, 6–3, 6–3 తేడాతో ఓడించినది. ముప్పది వేలకు పైగా జనము చేరిన ఆ పందెము సగము ఆట, సగము ప్రహసనము. ఆమె స్త్రీని ప్రేమించినదన్న సంగతి 1981లో ఒక వ్యాజ్యము వలన రచ్చకెక్కినపుడు మాత్రము లోకము హాస్యమాడలేదు. ప్రకటనల ఒప్పందములు అనేకము పోయినవి.

భామాకలాపములో నవ్వు చీర కట్టిన మగవానిపై పడదు. భామ గర్వముపై పడును. సినిమాలలో ఆడంగితనమును వెక్కిరించు హాస్యమునకును దీనికిని గల భేదము ఇదియే. ఇట్లని వేషధారి మనసు దేనియందున్నదో వేషమును బట్టి చెప్పరాదు. ఈ స్వేచ్ఛ కొన్ని బ్రాహ్మణ కుటుంబముల మగవారికి మాత్రమే చెల్లినదనియు, స్త్రీ పాత్ర ఉన్న రంగముపై స్త్రీకి చోటు లేకుండెననియు మరువరాదు.

ఆ చోటు వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన పిదప విశాలమైనది. ఎందరో యువతులు భామలైరి; న్యాయమే. కాని ఆ మార్పులోనే మాధవి కూడ చీర కట్టిన సఖియైపోయినది, మాధవుడు జారిపోయినాడు. స్త్రీ పురుషులకు వేరైన మూడవ లింగమును సర్వోన్నత న్యాయస్థానము 2014లో గుర్తించిన మన దేశములో, రెండు వరుసల మనిషిని రంగము నుండి పంపివేయుట నాకు నచ్చలేదు.

పాత పద్ధతి కలాపము ఎక్కడైన ఆడినపుడు చూడ బోవువారు భామ జడతో పాటు సూత్రధారుని కూడ కనిపెట్టవలెను. “అమ్మా” అన్న నోరు ఏ మాట దగ్గర “స్వామీ” అని వరుస మార్చునో, సభ ఎచ్చట నవ్వునో గమనింపుడు.