నడిచేవారిదే తప్పా? సూరత్ వీధుల గురించి కొన్ని అపోహలు – వాస్తవాలు

సూరత్‌లో తెలుగువాళ్ళ గురించి చెప్పాలంటే లింబాయత్, ఉధనా, డిండోలి పేర్లతోనే మొదలుపెట్టాలి. తెలంగాణ పల్లెల నుంచి సాంచాల మీద పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. వాళ్ళ పిల్లల కోసం సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. మరమగ్గాల కార్ఖానాల్లో పన్నెండు గంటల షిఫ్టు. షిఫ్టు మారే వేళ రైలు కట్ట కింది గరనాలాల (అండర్‌పాస్‌ల) గుండా, చార్ రస్తాల (కూడళ్ళ) మీదుగా జనం కాలినడకన, సైకిళ్ళ మీద, షేర్ ఆటోల్లో కదులుతారు. రోడ్డు భద్రత అనగానే మనం హెల్మెట్టూ లైసెన్సూ గురించే మాట్లాడతాం. బండే లేని వీళ్ళ భద్రత ప్రస్తావనకు వస్తే మాత్రం కొన్ని పాత నమ్మకాలు అడ్డుపడతాయి. వాటిలో మొదటిదే అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తోంది.

అపోహ: ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటబట్టే జనం ప్రమాదాల పాలవుతున్నారు.

వాస్తవం: కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. వాళ్ళలో 32,825 మంది పాదచారులు. అంటే రోజుకు 90 మంది. సైకిల్ మీద వెళ్తూ చనిపోయినవాళ్ళు మరో 4,836 మంది. మొత్తం మరణాల్లో 71 శాతానికి మితిమీరిన వేగమే కారణమని అదే నివేదిక చెబుతోంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు ముందుకు వస్తుంది. ఎదురుగా మనిషిని చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపే ఆ దూరం అయిపోతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ తీవ్రత నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తగిలిన దెబ్బకు ఎక్కువమంది బతుకుతారు. వేగం 50 దాటి 65కు చేరేసరికి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక ఎక్కడపడితే అక్కడ దాటడం గురించి. పన్నెండు గంటలు నిలబడి పనిచేసిన మనిషిని, అర కిలోమీటరు అవతల ఉన్న చార్ రస్తా దాకా నడిచి, అక్కడ రోడ్డు దాటి, మళ్ళీ అంత దూరం వెనక్కి రమ్మంటే రాడు. ఏ దేశంలోనైనా, ఏ ఊళ్ళోనైనా మనిషి దగ్గరి దారే వెతుక్కుంటాడు. కనుక జనం నిజంగా దాటే చోటే దాటే ఏర్పాటు ఉండాలి. కార్ఖానా గేటు ముందు, బడి ముందు, బస్టాపు ముందు రోడ్డును కాస్త ఎత్తు చేసి జీబ్రా గీతలు వేస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. సిగ్నల్ లేని జీబ్రా క్రాసింగ్ దగ్గర పాదచారికే ముందు దారి ఇవ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఇది చాలామంది డ్రైవర్లకే కాదు, చాలామంది పాదచారులకూ తెలియదు. రోడ్డును సరిగా రూపొందించక ఎవరైనా చనిపోతే అధికారికీ కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేసే వీలును 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. అంటే రోడ్డు తప్పు కూడా తప్పేనని చట్టం ఒప్పుకుంది. మనమే ఇంకా ఒప్పుకోవడం లేదు.

అపోహ: రోడ్లు వెడల్పు చేసి ఫ్లైఓవర్లు కడితే అందరికీ మేలు.

వాస్తవం: వందకు పైగా వంతెనలున్న సూరత్‌కు వంతెనల నగరమని పేరు. తాపీ నది మీదివి ఊరిని కలిపాయి, వాటి మేలు కాదనలేం. కానీ ఊరి నడుమ రోడ్డు వెడల్పయిన కొద్దీ బండ్ల వేగం పెరుగుతుంది, దాటాల్సిన దూరమూ పెరుగుతుంది. 30 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు నడకతో 25 సెకన్లు పడుతుంది. ముసలివాళ్ళకు, బిడ్డను చంకనెత్తుకున్న తల్లికి ఇంకా ఎక్కువ. నడుమ నిలబడేందుకు డివైడర్ దగ్గర కాస్త చోటుంటే ఆ దూరం రెండు సగాలవుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మెట్లెక్కి దిగే నడక వంతెనలు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకు పనికిరావు. వాటిని కట్టి పాదచారుల సమస్య తీరిందనుకోవడం పొరపాటు.

అపోహ: ఫుట్‌పాత్‌లను తోపుడుబండ్లవాళ్ళే మింగేశారు.

వాస్తవం: కొన్నిచోట్ల నిజమే. కానీ నిలిపి ఉంచిన బైకులు, కార్లు, కరెంటు స్తంభాలు, దుకాణాల మెట్లు ఆక్రమించిన జాగాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇళ్ళుండే వీధుల్లో కూడా ఏ అడ్డూ లేని 1.8 మీటర్ల దారి ఉండాలని, ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. చిరువ్యాపారులకు చోటు చూపించే బాధ్యతను 2014 నాటి చట్టం పట్టణ వ్యాపార కమిటీలకు అప్పగించింది. నడకకూ వ్యాపారానికీ రెండింటికీ చోటు ఉంటుంది, కొలత ప్రకారం కడితే.

అపోహ: బీఆర్‌టీఎస్ బస్సులకు కేటాయించిన ప్రత్యేక దారి మిగతావాళ్ళ రోడ్డును లాగేసుకుంది.

వాస్తవం: 2014 దాకా ఇంత పెద్ద ఊరికి చెప్పుకోదగ్గ బస్సు వ్యవస్థే లేదు. షేర్ ఆటోలే దిక్కు. ఆ ఏడాది జనవరిలో ఉధనా దర్వాజా – సచిన్ మార్గంతో బీఆర్‌టీఎస్ మొదలై, తర్వాత వంద కిలోమీటర్లకు పైగా విస్తరించింది. కార్పొరేషన్ సంస్థ సిటీలింక్ దాన్ని నడుపుతోంది. కదలాల్సింది మనుషులు, వాహనాలు కాదన్నదే 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సారాంశం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వ్యవసాయేతర పనులు చేసేవాళ్ళలో 22.6 శాతం నడిచి, 13.1 శాతం సైకిల్ మీద, 11.4 శాతం బస్సులో వెళ్తున్నట్టు తేలింది. కార్లలో వెళ్ళేవాళ్ళు 3 శాతం కూడా లేరు. రోడ్డు ఎవరికి ఎంత ఇవ్వాలో ఈ అంకెలు చూసి నిర్ణయించాలి.

బీఆర్‌టీఎస్‌లో అసలు లోపం ఇంకొకటి. స్టేషన్ రోడ్డు నడుమ ఉంటుంది. బస్సెక్కడానికి సగం రోడ్డు, దిగాక సగం రోడ్డు దాటక తప్పదు. బస్సు ఎంత భద్రంగా నడిచినా ఆ రెండు సగాల దగ్గర రక్షణ లేకపోతే ప్రయాణం భద్రమైనట్టు కాదు. బస్సుల దారిలోకి బైకులు దూరడం మరో ప్రమాదం. అక్కడ బండి ఉండదనుకుని అడుగు వేసేవాళ్ళ ప్రాణం మీదికి అది తెస్తుంది.

అపోహ: సైకిల్ రోజులు పోయాయి.

వాస్తవం: కేంద్రం పెట్టిన ‘ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీలో 2021లో గెలిచిన 11 నగరాల్లో సూరత్ ఉంది, మన వరంగల్ కూడా ఉంది. అయితే అవార్డుతో పని పూర్తి కాలేదు. నది ఒడ్డున పొద్దున్నే వ్యాయామానికి తొక్కేవాళ్ళ కోసం వేసే ట్రాక్ ఒకటి, ఉధనా పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేవాడికి కావలసిన దీపాలున్న దారి ఇంకొకటి. నా దృష్టిలో రెండోదే ముందు.

అపోహ: మెట్రో వస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: 2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన సూరత్ మెట్రో పొడవు రెండు మార్గాలూ కలిపి 40 కిలోమీటర్లు. స్టేషన్ దాకా మాత్రం నడిచే వెళ్ళాలి.

అపోహ: మన జనం మారరు.

వాస్తవం: ఈ మాట సూరత్ విషయంలో అసలే చెల్లదు. 1994లో ప్లేగు వచ్చి లక్షల మంది పారిపోయిన ఊరు ఇది. 1995లో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు హయాంలో అధికారులను రోజూ వీధుల్లోకి పంపి, ఆక్రమణలు తొలగించి, చెత్త ఎత్తించారు. ఏడాదిన్నరలోనే దేశంలోని శుభ్రమైన నగరాల వరుసలో సూరత్ రెండో చోటు సంపాదించింది. జనం వాళ్ళే, వ్యవస్థ మారింది. నార్వే రాజధాని ఓస్లోలోనూ బండ్ల వేగం తగ్గించి, ఊరి నడుమ పార్కింగ్ తీసేశాక, 2019లో ఒక్క పాదచారి గానీ సైకిలిస్టు గానీ చనిపోలేదు.

సూరత్‌లో ఉంటున్న తెలుగు పాఠకులకు ఒక విన్నపం. సంఘం మీటింగుల్లో పెళ్ళిళ్ళు, పండుగల చందాలతో పాటు ఈ విషయమూ ఎత్తండి. మీ కార్ఖానా గేటు, పిల్లల బడి, బస్ స్టేషన్ దగ్గర ఎక్కడ రోడ్డు దాటడం కష్టంగా ఉందో ఫోటోలు తీసి, అందరూ సంతకాలు పెట్టి వార్డు కార్పొరేటర్‌కూ జోన్ ఆఫీసుకూ దరఖాస్తు ఇవ్వండి. అందులో 2025 మే 14 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వును ప్రస్తావించండి. నడవడానికి వీలైన ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని అందులో ఉంది.