బండి చక్రమునకు పట్టా ఎట్లు బిగియును?

కొయ్య బండిచక్రమున నడుమ నాభి, దానినుండి ఆకులు, వాని చుట్టును వంపు చెక్కలు ఉండును. వడ్రంగి వీనిని కుసులు దిగగొట్టి కూర్చును. వీనిని విడిపోకుండ బిగించి ఉంచునది మాత్రము కమ్మరి తొడుగు ఇనుప పట్టాయే.

పట్టా చుట్టుకొలతను చక్రపు చుట్టుకొలతకన్న కొంచెము తక్కువగా చేయుదురు. తక్కువైన పట్టా ఎట్లు పట్టును? సెంటిగ్రేడు డిగ్రీ ఒక్కింటికి ఇనుము తన పొడవులో లక్షకు సుమారు 1.2 వంతు వ్యాకోచించును. 150 సెం.మీ. వ్యాసముగల చక్రపు చుట్టుకొలత 471 సెం.మీ. దాని పట్టాను పిడకల మంటలో 400 డిగ్రీల మేర వేడిచేసినచో రమారమి 2¼ సెం.మీ. పెరుగును. పట్టుకార్లతో దానిని చక్రమునకు తొడిగి, కొయ్య కాలకమునుపే నీళ్లు పోయుదురు. పట్టా సంకోచించి కీళ్లన్నిటిని నొక్కిపట్టును.

వేసవిలో పట్టా వదులగుటకు ఎండకు ఇనుము వ్యాకోచించుటయే కారణమా? 20 డిగ్రీల వేడికి పట్టా పెరుగునది సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. కొయ్య తడి ఆరి, నారకు అడ్డముగా కుంచించుకొనుటయే ముఖ్యకారణము. నీట నానబెట్టిన చక్రము బిగియును గాని, ఆరినచో మరల వదులగును. వదులైన చక్రముతో బరువు లాగించినచో ఆకులు ఊడి, బండి త్రోవలో కూలవచ్చును. కావున కమ్మరి పట్టాను కోసి, కురుచచేసి, అతికి, తిరిగి తొడుగును.

రబ్బరు టైర్లు వచ్చి ఈ పని అరుదైనది. మీ ఊర ఇట్టి కొలిమి ఇంకను ఉన్నచో, విద్యార్థులారా, పై లెక్కను అచట కొలిచి సరిచూడుడు.