కప్పులో ఆకెంత, గాలెంత?

బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో ఇందా పేట చుట్టుపక్కల కాపురముండే తెలుగు ఇళ్లలో ఆకుకూరకు కొలతలు మూడు. బజారులో కట్ట, అమ్మమ్మ చెబితే గుప్పెడు, ఫోన్లో చూసి వండితే కప్పు. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చబోతేనే చిక్కు.

అపోహ: కప్పు అంటే వంద గ్రాములు.

అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. అది పాత్రలో పట్టే చోటే కానీ బరువు కాదు. అమెరికా కప్పు నిండా నీళ్లు పోస్తే 240 గ్రాములు తూగుతాయి. పచ్చి పాలకూర వదులుగా నింపితే 30 గ్రాములే. తోటకూర 28, తరిగిన మునగాకు 21, కొత్తిమీర 16. మిగతాదంతా గాలే! అరచేత్తో అదిమినా, సన్నగా తరిగినా అదే కప్పులో ఇంకా చాలా పడుతుంది. అందుకే ‘రెండు కప్పుల ఆకు’ అని ఊరుకున్న వంటకాన్ని నేను నమ్మను. వదులుగానా, అదిమా, తరిగా అన్నది చెప్పాలి.

అపోహ: ఉడికితే గుప్పెడవుతుంది, బలమంతా పోయినట్టే.

పోయేది ముందు గాలి, తర్వాత కొంత నీరు. పాలకూరలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. వేడికి కణాల బిగువు సడలి ఆకు కూలబడుతుంది. ఉడికిన పాలకూర కప్పు 180 గ్రాములు తూగుతుంది, అంటే పచ్చి కప్పుకు ఆరు రెట్లు. సి విటమిన్, ఫోలేట్ కొంత నష్టపోయే మాట నిజమే, ఉడికించిన నీళ్లు పారబోస్తే ఇంకా ఎక్కువ. ఇనుము మాత్రం ఆవిరైపోదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2011 మార్గదర్శకాల్లో రోజుకు 300 గ్రాముల కూరగాయలు చెప్పి, అందులో 50 గ్రాములు ఆకుకూర ఉండాలంది. పచ్చి పాలకూరైతే అది రెండు కప్పులకు కాస్త తక్కువ. వండాక పావు కప్పు కూడా రాదు. కంచంలో చూసి ‘ఇంతేనా’ అనుకోనక్కర్లేదు.

అపోహ: కట్టంటే పావు కిలో.

ఏ కట్ట? వానాకాలపు కట్ట వేరు, ఎండాకాలపు కట్ట వేరు. పైగా వాడిపోకుండా చల్లిన నీళ్లూ తూకంలోకి వస్తాయి. కాడల సంగతి ఇంకోటి. మునగ కొమ్మ నుంచి ఆకు దూస్తే మిగిలేది కొంచెమే. బెంగాలీలు పుఁయి అనే బచ్చలికి మాత్రం కాడ కూడా కూరలోకే వెళుతుంది, గుమ్మడి ముక్కలతో కలిపి వండితే ఆ కాడే రుచి. రెండింటికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? ఏరి, వండే భాగం తీసుకున్నాకే తూచాలి.

అపోహ: అన్నిటికీ తక్కెడ కావాలి.

అక్కర్లేదు. కాళీపూజ ముందురోజు, భూత చతుర్దశికి, బెంగాలీ ఇళ్లలో పద్నాలుగు రకాల శాకాలు కలిపి వండుతారు. దానికి గ్రాములెందుకు? వేపుడుకూ, పప్పుకూ గుప్పెడు అటూ ఇటూ అయినా కొంప మునగదు. నిలవ ఉండాల్సిన గోంగూర పచ్చడి దగ్గరే తూకం తప్పదు. ఉప్పు తగ్గితే బూజు పడుతుంది. కడిగిన ఆకును గుడ్డ మీద పరిచి, తడి పూర్తిగా ఆరాక తూచి, ఆ బరువుకే ఉప్పూ కారం లెక్క కట్టాలి.