తడిని వదిలేసే డైపర్

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల స్విమ్మింగ్ పూల్ దగ్గర కాసేపు నిలబడితే ఈ ముచ్చట ఎప్పుడో ఒకప్పుడు కంటపడుతుంది. ఏడాదిన్నర పిల్లాణ్ని రోజూ వేసే డైపర్‌తోనే నీళ్లలోకి దించుతారు. కాసేపటికే అది ఉబ్బి, బరువుకు జారి, మోకాళ్ల మధ్య వేలాడుతుంది. వాణ్ని పైకెత్తేసరికి పక్క అతుకు తెగి, సగ్గుబియ్యం జావలాంటి జిగురు నీళ్లలో పడుతుంది. లైఫ్‌గార్డ్ ఈల వేస్తాడు. తల్లి డైపర్ కంపెనీని తిడుతుంది. పాపం, డైపర్ తప్పేమీ లేదు. దాని పని అది చేసింది, కాస్త ఎక్కువగానే చేసింది.

ఆ జిగురు పేరు సోడియం పాలీఅక్రిలేట్. పొడిగా ఉన్నప్పుడు తెల్లటి సన్నని పలుకులు, అంతే. లోపల మాత్రం పొడవాటి అణువుల గొలుసులు అక్కడక్కడా ముడిపడి ఉంటాయి. ఆ గొలుసుల నిండా సోడియం అయాన్లు. నీళ్లు తగలగానే లోపలి గాఢతకూ బయటి గాఢతకూ తేడా వస్తుంది. ఆ తేడా సర్దుకోవడానికి నీళ్లు లోపలికి చొరబడతాయి, ముడులు సాగనిచ్చినంత వరకూ. బయటి ద్రవంలోనూ ఉప్పు ఉంటే ఈ లాగుడు తగ్గిపోతుంది. అందుకే ఉప్పు ఉన్న మూత్రాన్ని ఈ పదార్థం తన బరువుకు ఏ ముప్ఫై నలభై రెట్లో పీలిస్తే, ఉప్పులేని నీటిని కొన్ని వందల రెట్లు పీల్చేస్తుంది. పూల్ నీళ్లు మూత్రంకన్నా మంచినీళ్లకే దగ్గర. అదే డైపర్‌ని విశాఖ బీచ్‌లో ముంచి చూడండి, ఇంతలా ఉబ్బదు. డైపర్ తయారుచేసినవాళ్లు ఒక పసివాడు రాత్రంతా పోసే ఉచ్చకు లెక్క కట్టారు గానీ లక్షల లీటర్ల కొలనుకు కాదు.

డైపర్ చరిత్ర అంతా తడిని ఎలా దాచాలన్న తాపత్రయమే. మన ఇళ్లలో పాత నూలు చీర చింపి మొలతాడుకు కట్టిన గోచీ ఏమీ దాచేది కాదు. తడిస్తే తెలిసేది, మార్చేవాళ్లు. అమెరికాలో 1946లో మేరియన్ డొనోవన్ అనే తల్లికి పక్కలూ బట్టలూ ఉతికి ఉతికి విసుగొచ్చి, బాత్రూమ్ కర్టెన్ కత్తిరించి బట్ట డైపర్ మీద తొడిగే కవర్ కుట్టింది. తరవాత కర్టెన్ స్థానంలోకి పారాచూట్లకు వాడే నైలాన్ వచ్చింది, పిన్నీసుల స్థానంలోకి టిచ్ బటన్లు వచ్చాయి. చూడ్డానికి పడవలా ఉందని దానికి బోటర్ అని పేరు పెట్టింది. 1949లో న్యూయార్క్‌లోని సాక్స్ ఫిఫ్త్ అవెన్యూ దుకాణంలో అమ్మకానికి పెట్టారు. 1951లో పేటెంట్ చేతికొచ్చింది. ఆ హక్కుల్ని 10 లక్షల డాలర్లకు అమ్మేసింది. వాడి పారేసే కాగితం డైపర్ కూడా ఆమె ఊహించింది కానీ తయారీదారులెవరూ పట్టించుకోలేదు.

ఆ కాగితం డైపర్‌ని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కెమికల్ ఇంజినీరు విక్టర్ మిల్స్ బృందం తయారుచేసింది. 1961లో ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియా పట్టణంలో పాంపర్స్ పేరుతో దాన్ని పరీక్షగా అమ్మి చూశారు. అదే పియోరియాలో అమెరికా వ్యవసాయ శాఖకు ఒక పరిశోధనశాల ఉంది. పంటభూముల్లో తేమ నిలపడానికి పిండిపదార్థంతో ఏదైనా చెయ్యొచ్చా అని వెతుకుతూ, తన బరువుకు వందల రెట్లు నీరు పీల్చే పదార్థాన్ని 1970ల్లో అక్కడి శాస్త్రవేత్తలు బయటపెట్టారు. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు సూపర్ స్లర్పర్. చేనుకోసం మొదలైన ఆ ఆలోచనకు బంధువైన పాలీఅక్రిలేటే 1980ల్లో డైపర్‌లోకి చేరింది. దిండులా ఉన్న డైపర్ పలచబడింది, రాత్రంతా నిలబడింది. పూల్‌లో పగలడం కూడా అప్పుడే నేర్చుకుంది.

ఈత డైపర్‌లో ఉన్న తెలివి, తడిని పీల్చే ఆ పాలీఅక్రిలేట్ పొరను తీసెయ్యడమే. 1990ల చివర్లో కింబర్లీ క్లార్క్ కంపెనీ తెచ్చిన లిటిల్ స్విమ్మర్స్ వాడి పారేసే రకం. ఉతికి వాడే ఈత డైపర్ మాత్రం, నా లెక్కలో, పాంపర్స్‌కన్నా డొనోవన్ బోటర్‌కే దగ్గరి చుట్టం. అందులో పీల్చే పదార్థం ఉండదు. ఉచ్చ పోస్తే నీళ్లలోకి వెళ్లిపోతుంది. అందుకని దీన్ని ఇంటిదగ్గరే తొడిగి కారెక్కిస్తే సీటు తడుస్తుంది. పూల్‌కు చేరాకే తొడగాలి. ఇది పట్టుకునేది గట్టి పదార్థాన్ని మాత్రమే, అదీ నడుము దగ్గరా తొడల దగ్గరా ఉన్న బిగువుతో.

ఉతికి వాడే ఈ రకాల్లో రెండు వంశాలున్నాయి. మొదటిది పలచటి పాలిస్టర్ బట్ట వెనక పాలీయురేథేన్ పొర అతికించినది. ఆ రసాయనానికి పునాది 1937లో జర్మనీలోని లెవర్కూసెన్‌లో ఓటో బేయర్ వేశాడు. ఇది తేలిక, త్వరగా ఆరుతుంది, టిచ్ బటన్లతో పక్కలు విప్పుకోవచ్చు. రెండోది నియోప్రీన్. 1930లో డ్యూపాంట్‌లో వాలెస్ కరోథర్స్ ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ రబ్బరు అది. దాని నురగరూపంలో సన్నని గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి, అవి ఒంటి వేడిని పట్టి ఉంచుతాయి. 1952లో కాలిఫోర్నియా భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ దానితో గజఈతగాళ్లకు దుస్తులు చేశాడు. పసిపిల్లలకు చలి తొందరగా పడుతుంది, కాబట్టి చల్లని నీళ్లలో ఈ రెండో రకానికే నా ఓటు. బ్రిటన్‌లో పిల్లలకు ఈత నేర్పే బళ్లు చాలావరకు లోపల ఒక డైపర్, దానిమీద బిగుతైన నియోప్రీన్ నిక్కరు, రెండూ వేసుకు రమ్మంటాయి. మనదగ్గర బోర్డులు నైలాన్ కాస్ట్యూమ్, టోపీ అడుగుతాయి గానీ డైపర్ సంగతి అడిగేవాళ్లు తక్కువ.

ఇంతకీ ఈత డైపర్ నీళ్లను కాపాడుతుందా? 1998 జూన్‌లో అట్లాంటా దగ్గర మారియెటాలోని ఒక వాటర్ పార్కులో ఈ. కోలై ఓ157 అనే బాక్టీరియా సోకి 26 మంది పిల్లలు జబ్బుపడ్డారు. పిల్లల కొలనులో మలం కలవడం, క్లోరిన్ చాలినంత లేకపోవడం కారణాలని తేలింది. ఈ. కోలై నిజానికి పిరికిది. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ సరిగ్గా ఉంటే ఒక్క నిమిషంలోపే చస్తుంది. హెపటైటిస్ ఏ వైరస్‌కు 16 నిమిషాలు కావాలి, జియార్డియాకు 45. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికి మాత్రం 10 రోజులకు పైనే పడుతుంది. దాని గుడ్డుకున్న గట్టి పెంకును క్లోరిన్ అంత సులువుగా ఛేదించలేదు. ఆ గుడ్డు వ్యాసం 4 నుంచి 6 మైక్రోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు.

2011లో నార్త్ కెరొలైనాలో జేమ్స్ ఆంబర్గీ, బ్రయన్ ఆండర్సన్ ఒక ప్రయోగం ప్రచురించారు. క్రిప్టో గుడ్డంత ఉండే, రోగం తేని 5 మైక్రోమీటర్ల ప్లాస్టిక్ గోళాలను ఈత డైపర్లలో పెట్టి, మనుషులకు తొడిగి, నీళ్లలో ఆడించి, నీటిలో ఎన్ని తేలాయో లెక్కపెట్టారు. ఒకటి నుంచి అయిదు నిమిషాల్లో 50 నుంచి 97 శాతం బయటికి వచ్చేశాయి. పది నిమిషాలకు 77 నుంచి 100 శాతం. పరీక్షించినవి వాడి పారేసే రకాలు. ఏ రకమైనా, ఎలా తొడిగినా పెద్ద తేడా లేదు. ఉతికి వాడే రకాలు ఇంతకంటే బాగా పట్టి ఉంచుతాయని నమ్మడానికి నాకు కారణం కనపడదు. నీరు దూరే చోట 5 మైక్రోమీటర్ల రేణువూ దూరుతుంది. ముద్దగా ఉన్న మలాన్ని, తల్లి చూసి బిడ్డను గట్టుమీదికి తెచ్చేదాకా, ఆపగలిగితే అదే దీని విజయం. నీళ్ల విరేచనాలయ్యే పిల్లకు ఎంత ఖరీదైన ఈత డైపర్ వేసినా వృథా. క్రిప్టో అని తేలితే విరేచనాలు తగ్గాక కూడా రెండు వారాలు పూల్ మాట ఎత్తకూడదు. మామూలు రోజుల్లో గంటకోసారైనా డైపర్ తీసి చూడాలి, మార్చడం కొలను పక్కన కాకుండా బాత్రూమ్‌లో.

కొనేటప్పుడు బొమ్మలు, రంగులు చూసి మోసపోకండి. చూడాల్సింది తొడ. నెలలను బట్టి సైజు రాసిన లేబుల్ కంటే బరువు, తొడ చుట్టుకొలత రాసినది మేలు. ఆర్నెల్లకే బొద్దుగా ఉండే పిల్లలూ, ఏడాదికీ సన్నగా ఉండే పిల్లలూ ఉంటారు. తొడిగాక పిల్లను గొంతుక్కూర్చోబెట్టండి. నిలబడ్డప్పుడు అతుక్కుని ఉన్న అంచు, కూర్చున్నప్పుడు తొడ నుంచి విడివడి సందు ఇస్తే అది పనికిరాదు. పూల్‌లో పిల్ల కాళ్లు ముడిచి తన్నుతుంది కదా, నిలబడి ఉండదు. తీశాక ఎలాస్టిక్ గుర్తు లేత గులాబీరంగులో కనిపించి కాసేపటికి మాసిపోతే సరి, ఎర్రగా లోతుగా పడితే సైజు పెంచండి. సర్దుకునే టిచ్ బటన్లు ఉన్నది ఒకటే ఏడాదంతా వస్తుందని అమ్మేవాళ్లు అంటారు. నడుము దగ్గర అది నిజమే గానీ తొడ దగ్గర చాలాసార్లు అబద్ధం.

పూల్‌లోంచి వచ్చిన వెంటనే మంచినీళ్లలో జాడించి, 30-40 డిగ్రీల నీళ్లలో మామూలు సబ్బుపొడితో ఉతకండి. బట్టల్ని మెత్తబరిచే కంఫర్ట్ లాంటివి వద్దు, బ్లీచ్ వద్దు. డ్రైయర్ వేడి పాలీయురేథేన్ పొరను బట్ట నుంచి విడదీయవచ్చు, నీడలో ఆరేస్తే చాలు. చెల్లెలికో తమ్ముడికో పాతది వాడాలనుకుంటే ముందు దీపానికి అడ్డంగా పట్టి చూడండి. లోపలి పొర పొక్కులు లేచి, ముడతలుపడి కనిపిస్తే అతుకు ఊడినట్టే. తొడ ఎలాస్టిక్‌ను సాగదీసి వదిలినప్పుడు టక్కున వెనక్కి రాకపోతే, పొర ఎంత బాగున్నా అది ఈతకు పనికిరాదు, ఇంట్లో గుడ్డ డైపర్ మీద కవర్‌గా వాడుకోవచ్చు.