చదువు తలుపు ఎవరికి ముందు తెరిచారు? అపోహలు, వాస్తవాలు

కాలేజీ సీట్ల కాలం రాగానే బందరు, గుడివాడ, దివిసీమల్లో కొన్ని మాటలు నిజాల్లా తిరుగుతుంటాయి. అవి పిల్లల భవిష్యత్తుకే అడ్డం పడుతున్నాయి కాబట్టి విని ఊరుకోలేం.

అపోహ: దొరల బడులు వచ్చాక కులంతో పని లేకుండా అందరూ చదువుకున్నారు.

వాస్తవం: మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో తెరిచిన బడి పై కులాల పిల్లల కోసం. మాల మాదిగల పిల్లల్ని ఆయన చేర్చుకోలేదు. వాళ్ళను పక్కన కూర్చోబెడితే పెద్ద కులాల వాళ్ళు తమ పిల్లల్ని పంపరన్నది ఆయన వాదన. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకునేసరికి అదే పెద్ద కులాల వాళ్ళు పిల్లల్ని మానిపించారు, కొంతకాలానికి మళ్ళీ పంపారు. మాలపల్లె పిల్లలకు అలా మానే అవకాశమూ లేదు, రమ్మన్నవాళ్ళూ లేరు. ఆ బడే కాలేజీ అయి పట్టాభి సీతారామయ్య లాంటి వారిని తయారు చేసింది. అక్కడ పాఠాలు చెప్పిన బందరు మనిషి రఘుపతి వెంకటరత్నం నాయుడు తర్వాత కాకినాడలో దళిత పిల్లలకు హాస్టలు పెట్టారు. ఆయన్ను తలుచుకోవాల్సినంతగా మనం తలుచుకోం.

అపోహ: రాజ్యాంగం రాకముందు ప్రతిభ ఒక్కటే కొలత.

వాస్తవం: అప్పట్లో మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1927 నాటి కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 12 ఉద్యోగాల్లో 5 బ్రాహ్మణేతర హిందువులవి, అణగారిన వర్గాలకు ఒక్కటి. 1950 నాటికి మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లకు 6 బ్రాహ్మణేతరులకు, బ్రాహ్మణులకు 2, వెనకబడిన వర్గాలకు 2, హరిజనులకు 2 దక్కేవి. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్ళతో నిలదొక్కుకున్న కమ్మవారి లాంటి కుటుంబాల పిల్లలు ఆ ఆరింటి కిందికే వచ్చేవారు. వాళ్ళు కష్టపడి చదవలేదని కాదు. ఇప్పటి పిల్లల తాతలకూ కోటా ఉండేదన్నది నిజం. చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

అపోహ: ఓసీ పేదలకు ఏమీ లేదు.

వాస్తవం: 2019 నుంచి ఈడబ్ల్యూఎస్ కింద 10 శాతం ఉంది.

అపోహ: ఎస్సీ, ఎస్టీ పిల్లలకు సీటు జేబులో ఉన్నట్టే.

వాస్తవం: ముందు ఆ కులమని కాగితం కావాలి. నాగాయలంక, కోడూరు వైపు ఎస్టీలైన యానాదుల కుటుంబాలు పీతల వేటకు మడ అడవుల వెంట తిరుగుతాయి, పిల్లలూ వెంటే వెళ్తారు. ధ్రువపత్రం కోసం వాళ్ళు పని మానుకుని ఆఫీసుకు వెళ్ళాలి. ఒక పూట కూలి, బస్సు చార్జీలు, ఆఫీసరు లేకపోతే మళ్ళీ ఇంకో పూట. కాగితం దొరికాకా ఖర్చులు ఆగవు. అవనిగడ్డలో టీచరు ఉద్యోగాల డీఎస్సీ కోచింగుకు వచ్చేవాళ్ళకు ఫీజుతో పాటు గది అద్దె, మెస్సు బిల్లు, నెలల తరబడి సంపాదన లేకుండా బతకడం. వీటికి కోటా లేదు.

మరొకటి. బాప్తిస్మం పొందిన మాల కుటుంబం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కాదు, రాష్ట్రంలో బీసీ-సీ. ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. ఉండే పేట అదే, చేసే కూలి అదే, ఊళ్ళో వాళ్ళను పిలిచే కులం పేరూ అదే.