కెమేరాకు రెండో లెన్సు ఏది?

నేలపట్టు చెరువు గట్టున నిలబడి, దూరాన నీటిలోని చెట్లమీద గూళ్లు కట్టుకున్న గూడబాతులను ఫోటో తీశారనుకోండి. ఇంటికి వచ్చి చూస్తే చెట్లు బాగానే ఉన్నాయి, పక్షి మాత్రం సున్నపు చుక్కలా ఉంది! పోనీ, దగ్గరికి వెళ్దామా? వెళ్లకూడదు. మనిషి దగ్గరికి వస్తే తల్లిపక్షి గూడు వదిలి లేస్తుంది. అంతలో గుడ్లు ఎండకు పాడుకావచ్చు, కాకుల పాలు కావచ్చు. మనం కదలకుండానే పక్షి పెద్దగా కనిపించాలి. లెన్సు మార్చే వీలున్న కెమేరా ఇక్కడే అక్కరకు వస్తుంది.

1930లో జర్మనీ దేశపు లైకా కెమేరాకు మరతో బిగించి, విప్పి మార్చుకునే లెన్సులు వచ్చాయి. నేటి డిజిటల్ కెమేరాల్లోనూ లెన్సులు మార్చుకోవచ్చు. మరి అదనంగా ఏ లెన్సు కొనాలి?

లెన్సు అంచున 50 మి.మీ., 200 మి.మీ. వంటి అంకె ఉంటుంది. అది నాభ్యంతరం. దూరం నుండి వచ్చే కిరణాలను కుంభాకార కటకం ఒకచోట చేరుస్తుందని మీరు చదువుకున్నారు గదా! కటకం నుండి ఆ చోటికి గల దూరమే నాభ్యంతరం. కెమేరా లెన్సులో పలు కటకాలున్నా, అన్నీ కలిసి ఒకే కుంభాకార కటకంలా పనిచేస్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. వస్తువు ఎత్తును నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగిస్తే ప్రతిబింబం ఎత్తు వస్తుంది. మీటరు ఎత్తు కనిపించే గూడబాతు 100 మీటర్ల దూరంలో ఉంటే, 50 మి.మీ. లెన్సు ఇచ్చే ప్రతిబింబం అర మిల్లీమీటరు మాత్రమే. 400 మి.మీ. లెన్సు అయితే 4 మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్ సెన్సారు ఎత్తు 24 మి.మీ. కనుక, మొదటి ఫోటోలో పక్షి ఎత్తు ఫోటోలో 48వ వంతు. రెండోదానిలో ఆరో వంతు.

అయితే పొడవు లెన్సులో చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరిగి కనిపిస్తుంది. అందుకే 200 మి.మీ. లెన్సుతో సెకనులో 200వ వంతుకంటె నెమ్మదిగా తీయవద్దంటారు. వణుకును సరిదిద్దే ఏర్పాటు ఇప్పటి లెన్సుల్లో చాలావాటికి ఉంది. కాని ఎగిరే పక్షిని అది ఆపలేదు!

నాభ్యంతరం తగ్గితే చూపు వెడల్పవుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమేరాలో మూల నుండి మూలకు 50 మి.మీ. లెన్సు సుమారు 47 డిగ్రీలు చూస్తే, 24 మి.మీ. లెన్సు 84 డిగ్రీలు చూస్తుంది. చిన్న గదిలో పెళ్లివారందరూ ఇముడుతారు. కాని దానితో ముఖాన్ని మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదవుతుంది. ఎందుకని? చెవులకంటె ముక్కు కెమేరాకు బాగా దగ్గరగా ఉంటుంది గనుక. తప్పు లెన్సుది కాదు, దూరానిది.

లెన్సుమీద ఉండే రెండో అంకె ఎఫ్ సంఖ్య. ఎఫ్/2 అంటే, వెలుతురు వచ్చే ద్వారం వ్యాసం నాభ్యంతరంలో సగమని అర్థం. ఎఫ్/4తో పోలిస్తే ఇది నాలుగు రెట్ల వెలుతురును రానిస్తుంది. సాయంత్రం బడిలో నాటకం తీయడానికి 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు చక్కనిది, ధరా తక్కువే. అదే 400 మి.మీ. లెన్సుకు ఎఫ్/2.8 కావాలంటే ముందు గాజు కనీసం 143 మి.మీ. వెడల్పుండాలి. అంత బరువు, అంత ధర ఎందుకో తెలిసింది గదా!

చీమలను, పూల కేసరాలను తీయాలంటే మాక్రో లెన్సు కావాలి. అంత డబ్బు లేకపోతే, లెన్సుకూ కెమేరాకూ మధ్య బిగించే గాజులేని గొట్టాలు చవకగా దొరుకుతాయి. అవి లెన్సును ముందుకు జరిపి ప్రతిబింబాన్ని పెద్దది చేస్తాయి.

కొనేముందు మీరు తీసిన చివరి వంద ఫోటోలు పరిశీలించండి. ప్రతి ఫోటోతోపాటు నాభ్యంతరాన్ని కూడా డిజిటల్ కెమేరా నమోదు చేస్తుంది. దూరపు వస్తువులు చిన్నవైపోయాయా? గోడకు ఆనుకున్నా అందరూ పట్టలేదా? వెలుతురు చాలలేదా? ఏ లోటు ఎక్కువసార్లు కనబడితే, ఆ లోటు తీర్చే లెన్సే మీది. ఏ లోటూ లేకపోతే డబ్బు దాచుకోండి!

చేసి చూడండి: భూతద్దాన్ని కిటికీకి ఎదురుగా పట్టి, దూరపు చెట్టు ప్రతిబింబం తెల్ల కాగితంమీద స్పష్టంగా పడేలా జరపండి. సూర్యుని వైపు మాత్రం పెట్టకండి. అద్దానికీ కాగితానికీ మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. మీ భూతద్దం ఎన్ని మిల్లీమీటర్ల లెన్సో తెలుస్తుంది.